ఏప్రిల్ 30 పాలకోవా

ఏప్రిల్ 30 వచ్చిందంటే నాకు పాలకోవా గుర్తుకొస్తుంది. అమీర్‌పేటలో మేము వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్న రోజుల్లో మా సార్ ఆ తేదీన తప్పకుండా పాలకోవా పొట్లం తెచ్చి ల్యాబ్ బయట బల్ల మీద పెట్టేవారు. లోపలికి తినే వస్తువులు తీసుకుపోకూడదు, చెప్పులు కూడా గుమ్మం దగ్గరే విడవాలి. మొదటిసారి చూసినప్పుడు ఆయన పుట్టినరోజనుకుని అందరం శుభాకాంక్షలు చెప్పాం. "నాది కాదమ్మా, వెబ్‌ను లోకానికి రాసిచ్చేసిన రోజు ఇది" అన్నారు.

ఆ బల్ల దగ్గరే నిలబడి కథంతా చెప్పారు. స్విట్జర్లాండ్‌లో జెనీవా పక్కన సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఒక ప్రతిపాదన రాశారు. ఒక కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని మరే కంప్యూటర్ నుంచైనా చదువుకునే ఏర్పాటు కావాలన్నది అందులోని మాట. పై అధికారి దాని మీద 'అస్పష్టమే గానీ ఆసక్తికరం' అన్న అర్థం వచ్చేలా రాసి, కాదనకుండా వదిలిపెట్టారు. ఆ వదిలిపెట్టడమే మేలైంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ ప్రతిపాదనలోంచి పుట్టిన వెబ్ సాఫ్ట్‌వేర్ మీద తన హక్కులన్నీ వదులుకుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. అదే ఏడాది మొదట్లో గోఫర్ అనే ఇంకో పద్ధతికి మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫీజు అడగబోతే జనం జంకి పక్కకు తప్పుకున్నారు. "ఆ ఫీజు మాట దీనికీ వచ్చి ఉంటే మీరూ నేనూ ఈ గదిలో ఉండేవాళ్లం కాదు. తీసుకోండి" అంటూ పొట్లం మా ముందుకు జరిపేవారు.

మొన్న వచ్చింది ఆయన లేని తొలి ఏప్రిల్ 30. పాత బ్యాచ్ వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఒకరు పుణెలో, ఒకరు డల్లాస్‌లో, ఒకరు కరీంనగర్‌లో. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే అందరి ఇళ్లలోనూ ఆ రోజు పాలకోవా ఉందని తేలింది.

* * *

మాది చీరాల దగ్గర ఊరు. నాన్న బడిపంతులు. సాయంత్రాలు ఊరి గ్రంథాలయం కూడా ఆయనే చూసుకునేవారు. రెండు గదుల పెంకుటిల్లు, వరుసగా చెక్క బీరువాలు. తలుపు తీయగానే పాత కాగితం వాసనా కలరా ఉండల వాసనా కలిసి వచ్చేవి. నా చిన్నతనంలో సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లేవారు. 1918లో మొదలైన ఆ గ్రంథాలయ భవనానికి గాంధీగారు 1929లో శంకుస్థాపన చేశారని దారి పొడవునా చెప్పేవారు. అక్కడ భద్రపరిచిన పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మన బీరువాల్లోనూ అరుదైన పుస్తకాలున్నాయి, కానీ ఉన్నట్టు ఎవరికీ తెలియదు, అందుకే మన గడప ఎవరూ తొక్కరు అని నాన్న దిగులు. పుస్తకాల వివరాలన్నీ ఎర్ర అట్ట వేసిన పొడుగాటి రిజిస్టర్‌లో గుండ్రటి చేతిరాతతో ఉండేవి. ఆ రిజిస్టర్ కూడా బీరువాలోనే ఉండేది.

నా డిగ్రీ అయ్యేసరికి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు ఒకటొకటిగా కూలుతున్నాయి. వెళ్లినవాళ్లు కొందరు తిరిగొస్తున్నారు. అయినా ఊళ్లో ఎవరిని అడిగినా జావా నేర్చుకో, ఒరాకిల్ నేర్చుకో అనే చెప్పేవారు. నాన్న ఒక్కరే వేరే ప్రశ్న అడిగారు. "అమ్మాయీ, ఇంటర్నెట్‌లో మన పుస్తకాల పట్టిక పెట్టవచ్చా?" పెట్టవచ్చని విన్నానన్నాను. "అయితే అది నేర్చుకో" అన్నారు.

* * *

అప్పటి అమీర్‌పేట తెలిసినవాళ్లకు వర్ణించనక్కర్లేదు. తెలియనివాళ్లకు ఎంత చెప్పినా చాలదు. మైత్రీవనం ఎదురుగా నిలబడి తల ఎత్తితే గోడ కనిపించేది కాదు, బోర్డులే. ఒక బోర్డు మీద ఇంకొకటి, కిటికీలను కూడా కప్పేసి. బస్సు దిగి సత్యం థియేటర్ వైపు నడిచేలోగా చేతిలో పాంప్లెట్ల కట్ట తయారయ్యేది. 'ఉచిత డెమో క్లాసు' అన్న మాట ఆ వీధిలో కూరగాయల ధర వినిపించినంత మామూలుగా వినిపించేది. తెల్లవారుజామునే మొదటి బ్యాచ్ మొదలయ్యేది. ఆ వేళకే ఇడ్లీ బండ్ల చుట్టూ పుస్తకాలు చంకలో పెట్టుకుని ప్లేట్లు పట్టుకున్న పిల్లలు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల యాసలూ ఆ ఒక్క బండి దగ్గర వినిపించేవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జిరాక్స్ షాపులు. ఎవరో బుద్ధిమంతుడైన విద్యార్థి క్లాసులో రాసుకున్న నోట్సు, పక్క గీతలతో సహా ముద్రలా దిగి, స్పైరల్ బైండింగ్‌తో వరుసగా వేలాడేది. పేరు ఉండదు. మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా, ఒక రకమైన కాలిన వాసనతో చేతికి తగిలేది. ఆ నోట్సులో ఒక చోట 'సార్ ఇక్కడ రెండుసార్లు చెప్పారు' అని మూలన రాసి ఉండేది. ఆ రాసినవారు ఎవరో నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ గీతలు గీసిన చోటల్లా ఆగి చదివాను.

* * *

మా సార్ మొదటి క్లాసులోనే ఒక షరతు పెట్టారు. ఫ్రంట్‌పేజ్, డ్రీమ్‌వీవర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ల్యాబ్‌లో ఉన్నాయి, కానీ మొదటి నెల వాటిని ముట్టుకోకూడదు. నోట్‌ప్యాడ్ ఒక్కటే. "బొమ్మ గీసినట్టు లాగితే పేజీ వస్తుంది. అది ఎందుకు వచ్చిందో మాత్రం మీకు తెలియదు" అనేవారు. ఈ విషయంలో ఆయనది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి అని ఇప్పటికీ నమ్ముతాను. ఈ రోజుల్లో కొత్తగా నేర్చుకునే పిల్లలు ఒక్క ట్యాగ్ (పేజీలో ఏది ఎలా కనిపించాలో చెప్పే గుర్తు) కూడా చేత్తో రాయకుండానే పెద్ద పెద్ద పనిముట్లతో మొదలుపెట్టడం చూస్తే మనసు ఊరుకోదు.

తెల్ల బోర్డు మీద నీలం మార్కర్‌తో ట్యాగులు రాసేవారు. తెరిచిన ప్రతి ట్యాగ్‌నూ మూయాలి (అడ్డగీత లాంటి కొన్నిటికి తప్ప), చివర తెరిచినదాన్ని ముందు మూయాలి. ఇది మా తలకెక్కడం కోసం ఒకరోజు ఇంటి నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెల సెట్టు తెచ్చి, మూతలతో సహా బల్ల మీద పేర్చి చూపించారు. చిన్న గిన్నెకు మూత పెట్టాకే పెద్ద గిన్నెకు మూత పెట్టాలి. టేబుల్ లోపల వరుస, వరుస లోపల గడి, గడి లోపల మళ్లీ టేబుల్. అప్పట్లో పేజీ అమరిక అంతా టేబుళ్ల మీదే నడిచేది. ఖాళీ జాగా కావాలంటే ఒక్క చుక్క ఉన్న, కంటికి కనిపించని బొమ్మను సాగదీసి పెట్టేవాళ్లం.

ఫైలును సేవ్ చేసేటప్పుడు 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే నోట్‌ప్యాడ్ చివర '.txt' అనే తన తోక తగిలిస్తుంది, అప్పుడు వెబ్ పేజీలు చూపించే బ్రౌజర్ దాన్ని పేజీగా చూడదు. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండవు. ఆయన నోటినుంచే వినాలి. నేను రాసిన మొదటి పేజీలో మా ఊరి గ్రంథాలయం పేరు, దాని కింద ఒక అడ్డగీత, అంతే. ఎఫ్5 నొక్కగానే తెర మీద పేరు పెద్ద అక్షరాల్లో నిలబడింది. పక్క సీటు అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె తన పేజీ చూపించింది. అందులో ఆమె పేరు కుడినుంచి ఎడమకు పరుగెడుతోంది. మార్క్యూ ట్యాగ్ అప్పుడే తెలిసింది ఆమెకు.

సార్ మాత్రం మా పేజీలు ఇంకో బ్రౌజర్ అయిన నెట్‌స్కేప్‌లో తెరిచి చూసేవరకు మెచ్చుకునేవారు కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మంచి మనసుతో మా లోపాలు సర్దుకుపోయేది. నెట్‌స్కేప్ 4 అలా కాదు, టేబుల్‌ను మూయడం మరిచిపోతే ఆ టేబుల్ మొత్తాన్నీ చూపించడం మానేసేది. రాసిందంతా మాయమై ఖాళీ తెల్ల పేజీ. ల్యాబ్‌లో ఎక్కడో ఒకచోట నుంచి "సార్, నా పేజీ పోయింది" అని రోజూ వినిపించేది. ఆయన వచ్చి, మౌస్ ముట్టుకోకుండా, తెర మీద వేలు పెట్టి పై నుంచి కిందకు జరుపుకుంటూ, మూత లేని గిన్నె దగ్గర ఆపేవారు.

ల్యాబ్ మూలన ఉన్న సర్వర్ (మిగతా కంప్యూటర్లకు ఫైళ్లు అందించే కంప్యూటర్) మీద ఎర్ర సిరాతో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండేది: 'ఇది సర్వర్. ఆపవద్దు.' ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ మీద టిమ్ బెర్నర్స్-లీ కూడా అలాగే ఎర్ర సిరాతో రాసి అంటించారని, అది నెక్స్ట్ అనే కంపెనీ తయారుచేసిన కంప్యూటర్ అని సార్ చెప్పారు. మా హైదరాబాద్ మూలన ఉన్న ఆ పెట్టెకూ జెనీవా పెట్టెకూ చుట్టరికం కలిపింది ఆ కాగితమే.

* * *

హాస్టల్‌లో కంప్యూటర్ లేదు. అప్పట్లో ఎవరికుంది! ల్యాబ్‌లో దొరికేది రోజుకు ఒక గంట. మిగిలిన సాధనంతా లాంగ్ నోట్‌బుక్‌లోనే. నాతో ఒకే గదిలో ఉన్న కరీంనగర్ అమ్మాయీ నేనూ ఒక ఆట కనిపెట్టాం. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. నేను నా నోట్‌బుక్‌లోని కోడ్ ఒక్కో పంక్తీ పైకి చదివేదాన్ని. ఆమె బ్రౌజర్. వింటూ, తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో పేజీ గీసేది. "టేబుల్, వెడల్పు 80 శాతం, అంచు ఒకటి" అంటే స్కేలు తీసి కొలిచి మరీ గీసేది. "రంగు ఎఫ్ఎఫ్ సున్నా సున్నా సున్నా సున్నా" అంటే ఎర్ర పెన్సిల్ అందుకునేది. ఎరుపు నిండుగా, ఆకుపచ్చ శూన్యం, నీలం శూన్యం. ఎరుపూ ఆకుపచ్చా రెండూ నిండుగా ఉంటే పసుపు వస్తుందని ఆమె మొదట నమ్మలేదు, మరుసటి రోజు ల్యాబ్‌లో చూసి వచ్చి నమ్మింది. అప్పటి కంప్యూటర్లలో కొన్నిటికి 256 రంగులే తెలుసు. అన్నిటిలోనూ ఒకేలా కనిపించే 216 రంగుల పట్టికను జిరాక్స్ తీయించి గోడకు అంటించాం. నలుపు తెలుపు జిరాక్స్ కాబట్టి గడుల్లో రంగులు ఉండవు, అంకెలే. మేమే వాటిని రంగులుగా చదువుకునేవాళ్లం.

నేను టేబుల్ మూయడం మరిచిపోతే ఆమె పెన్సిల్ కింద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చునేది. "ఏమైంది?" అంటే "నేను నెట్‌స్కేప్‌ని" అనేది. ఆ గదిలో అంతగా నవ్వుకున్న రాత్రులు తర్వాత నా జీవితంలో తక్కువ.

* * *

ఆదివారాలు నెట్ సెంటర్. ప్లైవుడ్ పలకలతో చేసిన ఇరుకు గదులు, రిజిస్టర్‌లో పేరూ వచ్చిన సమయమూ రాయాలి, గంటకు 30 రూపాయలు. కౌంటర్ వెనకనుంచి మోడెమ్ నంబర్ తిప్పే చప్పుడు, ఆ తర్వాత గీ అని పొడుగాటి అరుపు, గరగర, హఠాత్తుగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వస్తే కనెక్షన్ కలిసినట్టు. మేము చూసేది పేజీలను కాదు, వాటి వెనక ఉన్నదాన్ని. వ్యూ మెనూలో సోర్స్ నొక్కితే ఆ పేజీ కోడ్ అంతా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేది. ఎక్కడో కాలిఫోర్నియాలో, లండన్‌లో ఎవరో రాసిన పేజీ. దాచిపెట్టింది ఏమీ లేదు. మూడు నిలువు వరుసలు ఎలా పెట్టారు, బొమ్మ చుట్టూ అక్షరాలు ఎలా నడిపించారు, అంతా కళ్ల ముందే. నాకు ఈ చదువులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇదే. ఏ వంటమనిషీ, ఏ నేతగాడూ, ఏ కంసాలీ తన పనితనాన్ని అడిగినవాడికీ అడగనివాడికీ ఇంత విప్పి చూపడం నేను వినలేదు. సార్ పంచిన పాలకోవాలోని అర్థం నాకు నిజంగా బోధపడింది ఆ ప్లైవుడ్ గదిలోనే. ఇప్పటి పేజీల సోర్స్ తెరిస్తే ఖాళీలన్నీ పిండేసిన ఒకే పొడుగాటి పంక్తి కనిపిస్తుంది, చదివే వీలుండదు. దానికి నాకు బాధగా ఉంటుంది.

నచ్చినవాటిని ఫ్లాపీలో దాచుకునేవాళ్లం. 1.44 మెగాబైట్లు. ఈనాడు ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు, ఆనాడు నా చదువంతా పట్టింది. ఫ్లాపీని స్టీలు టిఫిన్ డబ్బాలో, రుమాలు చుట్టి తీసుకెళ్లేదాన్ని. బస్సులో రద్దీకి వంగిపోకుండా.

* * *

జియోసిటీస్, ట్రైపాడ్, ఏంజెల్‌ఫైర్ లాంటి సంస్థలు అప్పుడు ఉచితంగా జాగా ఇచ్చేవి. వాటిలో ఒకదాంట్లో మా గ్రంథాలయం పేజీ పెట్టాను. నాన్న రిజిస్టర్‌లోని మొదటి బీరువా పట్టికను చేత్తో రాసి కవర్‌లో పంపించారు. అప్పటికి తెలుగు అక్షరాలు బ్రౌజర్‌లో కనిపించడం పెద్ద యజ్ఞం. వార్తాపత్రికల సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంట్, అది దింపుకోకపోతే తెర నిండా పిచ్చి గుర్తులు. అందుకని పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోనే రాశాను. నాన్న చీరాలలో నెట్ సెంటర్‌కు వెళ్లి చూసి, ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. "బాగుంది అమ్మా. కానీ మన పుస్తకాల పేర్లు మన అక్షరాల్లో లేకపోతే మన ఊరివాళ్లు ఎలా చదువుతారు?"

పెళ్లిపత్రికలు చేసే డీటీపీ షాపుకు వెళ్లి, పేజ్‌మేకర్‌లో తెలుగు ఫాంటుతో ఆ పేర్లు కొట్టించి, వాటిని బొమ్మలుగా మార్చి పెట్టాను. కనిపించాయి, కానీ ఒక్కో బొమ్మ దిగడానికి ఒక్కో యుగం పట్టేది. పైగా బొమ్మలోని పేరును అప్పట్లో ఏ సెర్చ్ ఇంజనూ చదవలేకపోయేది.

కోర్సు అయ్యాక సార్ నన్ను ల్యాబ్ అసిస్టెంటుగా పెట్టుకున్నారు. కొంతకాలానికి ల్యాబ్‌లోకి విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. అందులో తెలుగుకు గౌతమి అనే ఫాంట్ ఉంది. ఒక సాయంత్రం ఆఖరి బ్యాచ్ వెళ్లిపోయాక సార్ అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు పేజీ ప్రింటు తీసి నా ముందు పెట్టారు. తెలుగుకు కేటాయించిన 128 స్థానాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య. "ఏదైనా మాట రాయమ్మా" అన్నారు. నోట్‌ప్యాడ్‌లో నాలుగు సంఖ్యలు కొట్టాను: 3077, 3118, 3149, 3118. అ, మ, పొల్లు, మ. బ్రౌజర్‌లో తెరిచాను. పొల్లు కనిపించలేదు. రెండో మ తనంతట తానే కిందికి దిగి వత్తుగా మారింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. బొమ్మ కాదు, అక్షరం. మౌస్‌తో పట్టుకుంటే పట్టుబడింది. సార్ కుర్చీ జరుపుకుని, "ఇంకో మాట రాయి" అన్నారు. ఆ రాత్రి వాచ్‌మన్ వచ్చి తాళం వేయాలని చెప్పేదాకా రాస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత పట్టిక అంతా మళ్లీ మొదటినుంచి యూనికోడ్‌లో ఎక్కించాను. 2009లో జియోసిటీస్ మూతపడి, లక్షలాది మంది చేత్తో రాసుకున్న పేజీలు పోతున్నాయని విని, కొందరు ఔత్సాహికులు చేతనైనన్ని కాపీలు తీసి దాచిపెట్టారు. మాది అంతకుముందే సొంత చిరునామాకు మారింది. సార్ స్వయంగా కూర్చుని మార్పించారు.

* * *

ఒకరోజు బెంగళూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ నాన్నకు ఉత్తరం రాశారు. తన తాతగారి ఊరి చరిత్ర మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం కోసం ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్నారట. ఇంటర్నెట్‌లో తెలుగులో ఆ ఊరి పేరు కొట్టి వెతికితే మా మూడో బీరువా పట్టిక కనిపించిందట. జిరాక్స్ తీసి పంపగలరా అని అడిగారు. పుస్తకం మడత పెడితే విరిగిపోయే స్థితిలో ఉంది, జిరాక్స్ కుదరదు, వచ్చి చదువుకోండి, భోజనం మా ఇంట్లోనే అని నాన్న జవాబు రాశారు. ఆయన వచ్చారు. గ్రంథాలయం అరుగు మీద కూర్చుని పుస్తకం మొత్తం చేత్తో ఎత్తిరాసుకున్నారు. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని, పేజీలు తనే తిప్పారట.

ఆయన వెళ్లిన రాత్రి నాన్న ఫోన్ చేశారు. గొంతులో ఆ ఉత్సాహం అంతకుముందు వినలేదు. "ఇంకా ఎక్కించనివి ఎన్ని బీరువాలున్నాయో తెలుసా నీకు?" అని అడిగారు. మరునాడు ఉదయమే నేను సార్‌కు ఈ సంగతి చెబితే, తేదీ చూసుకోకుండా కిందికి దిగి పాలకోవా తెచ్చారు.

నాన్నకు ఇప్పుడు చేతిరాత వణుకుతోంది, కాబట్టి రాసి పంపడం మానేశారు. ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో రిజిస్టర్ ముందు పెట్టుకుని పేరూ, రచయితా, ముద్రణాలయమూ, అచ్చైన సంవత్సరమూ ఒక్కొక్కటిగా చదువుతారు. నేను టైపు చేస్తాను. ఆరో బీరువా నడుస్తోంది. మధ్యలో ఆగి, అచ్చు సరిగా పడిందా, మళ్లీ చదివి వినిపించు అంటారు.